వలెట్టా చర్చి మెట్ల మీద నా బూట్లు

నజ్మా, దోహా.

అక్కకు, బావగారికి తమ్ముడు ప్రసాదు వందనాలు. నేను క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు బడికి సరిగా వెళ్తున్నారా?

ఉత్తరం ఆలస్యమైంది. కంపెనీవాళ్ళు నన్నూ, నాతో పనిచేసే కేరళ వర్గీసునూ రెండు వారాలు మాల్టా దీవికి పంపారు. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో శిక్షణ, చివర పరీక్ష. పాసైతే ఆపరేటర్ని, తప్పితే మళ్ళీ హెల్పర్నే. బైబిల్లో పౌలు ఓడ పగిలి ఒడ్డెక్కి, పాము కరిచినా బతికిన మెలితే ఇదే. పాములున్నాయా అని అమ్మ అడుగుతుంది. నాకైతే ఒక్కటీ కనబడలేదని చెప్పు.

రాజధాని పేరు వలెట్టా. ఊరంతా తేనెరంగు రాయి. కొన్ని వీధులు వీధులే కావు, సముద్రం వైపు దిగే మెట్లు. రొట్టెకు వాళ్ళ మాట ఇంచుమించు మన దోహా ఖుబ్జే. అందరూ క్రైస్తవులే, కానీ ప్రార్థనలో దేవుణ్ణి ‘అల్లా’ అంటారు. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను.

పరీక్ష శనివారం మధ్యాహ్నం. పొద్దున ఊళ్ళోకి వెళ్ళాం. దోహాలో చర్చిలు ఊరి చివరెక్కడో దూరం కదా, శుక్రవారాలు ఎవరో ఒకరి గదిలో కూడుకుంటాం. మూడేళ్ళకు చర్చి గుమ్మం కనబడేసరికి బూట్లు విప్పి మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళాను. బయటికొచ్చి చూస్తే లేవు. బూట్లు లేనిదే ప్లాంటు గేటు దాటనివ్వరు.

వర్గీసు నవ్వాడు. “మా కేరళలోనూ విప్పుతాం భాయ్. కానీ ఇది ఫారిన్. యల్లా, పద పద, బస్సు పోతుంది.”

అక్కడ ఊడుస్తున్న పెద్దావిడను ఇంగ్లీషులో అడిగాను. ఆ మెట్టు మీద ఎవరేం పెట్టినా బీదలకిచ్చినట్టేనట. ఆవిడ పెట్టెలో వేసింది, అప్పుడే ఎవరో పట్టుకెళ్ళారు.

“అసలెందుకు వదిలావు?” అంది.

“మా ఊళ్ళో దేవుడి ఇంట్లోకి చెప్పులతో వెళ్ళమండి.”

ఆవిడ నా మేజోళ్ళ వంక కాసేపు చూసి, పెట్టె అడుగునుంచి పాత పనిబూట్లు తీసిచ్చింది. రెండు సైజులు పెద్దవి. కాగితాలు కుక్కి తొడుక్కుని వెళ్ళాను. పరీక్ష పాసయ్యాను అక్కా. ఈ నెలనుంచి ఆపరేటర్ని.

మర్నాడు ఆరాధనకు వెళ్తే ఆవిడ మెట్ల మీదే కనబడింది. బూట్లు తిరిగివ్వబోయాను.

“ఉంచుకో. లోపలికొచ్చేటప్పుడు మాత్రం కాళ్ళకే ఉండనీ,” అంది.

సరేనన్నాను. గుమ్మం దగ్గర బూట్లతో అడుగు పడలేదు. విప్పి, చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపు. అమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్నూ తలుచుకోండి.

ఇట్లు,
మీ తమ్ముడు
ప్రసాదు