పదో ఆజ్ఞకు గోడ చాలలేదు

ముంబయి కామాటిపుర పదకొండో గల్లీ, రెండో అంతస్తు ఖోలీ గదిలో ఉండే తాపీ మేస్త్రీ బొల్లి కిష్టయ్య అనే నేను, ఎవరూ బెదిరించకుండా, మందు ముట్టకుండా, సొంత బుద్ధితో రాస్తున్న వీలునామా. నా బుద్ధి మీద అనుమానం ఉన్నవాళ్లు నేను కట్టిన ఏ గోడకైనా తూకం గుండు వేలాడదీసి చూసుకోవచ్చు. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ. వచ్చినవి గట్టివి.

1. మేమంతా ఉండే ఈ పాత చాల్ భవనం కూలగొట్టి బిల్డరు ఇచ్చే కొత్త ఇల్లు నా భార్య ఎల్లమ్మది. ఆమె తర్వాత నా కొడుకులు రాజలింగం, తుషార్‌లకు సమానంగా చెందాలి. వంటగది ఒక్కటే ఉండాలి. మధ్యలో గోడ లేవకూడదు. బతుకంతా గోడలు కట్టినవాణ్ణి చెప్తున్నాను.

2. ఏసును నమ్ముకున్న ఏడాది పది ఆజ్ఞలూ మా లోపలి గోడకు పచ్చి సిమెంటులో చెక్కాను. అప్పట్లో కొడుకుల అల్లరి ఎక్కువ. అందుకని తల్లిదండ్రులను సన్మానించమన్న ఐదోదాన్ని జానెడేసి అక్షరాలతో వేశాను. తొమ్మిది పట్టాయి, పదోదానికి చోటు లేదు. కొలవకుండా మొదలుపెట్టానని ఎల్లమ్మ ఇప్పటికీ అంటుంది. గోడ చిన్నది, అంతే. పదోదాన్ని పలకలా పోసి బయట, పక్కింటి తుకారాం తలుపు పక్కన బిగించాను. “నీ పొరుగువాని ఇల్లు ఆశింపకూడదు” అని ఎవరో చదివి మరాఠీలో చెబితే, తననే అన్నానని తుకారాం ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అతని భార్య దర్శన మాత్రం అదేమిటని అడిగింది. దేవుడి మాట అన్నాను. ఆనాటి నుంచి పలకకు పసుపు కుంకుమలు, దసరాకు బంతిపూల దండ.

3. పోయిన దసరాకు నా కొడుకులు దాని మీదే తగువు పడ్డారు. ఆజ్ఞలు ఈనాటికీ విశ్వాసికి వర్తిస్తాయి, పలకకు పూజ చేయడం రెండో ఆజ్ఞకు విరోధం, పగలగొట్టాలి అన్నాడు రాజలింగం. ఆజ్ఞలన్నీ సిలువ దగ్గరే తీరిపోయాయి, మనం కృపలో ఉన్నాం, పలక ఉంటే ఎంత పోతే ఎంత అన్నాడు తుషార్. అంతటితో ఆగక, “పేరులనే లింగాన్ని పెట్టుకున్నోనికి పసుపంటే భయమా అన్నా” అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా తల్లి చేత అడిగిస్తారు. పాస్టరు గారు వచ్చి, ఇద్దరితోనూ ఔనని, బిర్యానీ తిని వెళ్లారు.

4. నా తీర్పు ఇది. కృప సిమెంటు, ఆజ్ఞ తూకం గుండు. గోడను నిలబెట్టేది సిమెంటు, గుండు కాదు. అంతవరకు తుషార్ మాట నిజం. కానీ గోడ లేచింది కదా అని గుండును మోరీలో పారేసే మేస్త్రీని నేను పనిలో పెట్టుకోను. వంకర చెప్పేది అదే. రాజలింగం, గుండు నీ గోడకు వేసి చూసుకోవాలి, పక్కింటి ఆడమనిషి మీదికి విసరకూడదు. నా తూకం గుండు తుషార్‌కు, సిమెంటు పూసే తాపీ రాజలింగానికి. ఎవరి దగ్గర లేనిది వాళ్లకు ఇస్తున్నాను.

5. పదో ఆజ్ఞ పలక దర్శనకు. ఆమెకు తెలుగు చదవడం రాదు. మా ఖోలీ తాళంచెవి మాత్రం ఇన్నేళ్లుగా ఆమె దగ్గరే ఉంది, ఒక్క చెంచా పోలేదు. పసుపు సంగతి ఆమె, దేవుడు చూసుకుంటారు.

6. పలకను పగలకుండా తీసి ఆమె కొత్త తలుపు పక్కన బిగించే పని నా కొడుకులదే. కూలివాళ్లను పెట్టకూడదు. ఒకడు ఉలి పట్టాలి, ఒకడు సుత్తె కొట్టాలి. మాట్లాడుకోకుండా కొడితే వేళ్లు పోతాయి. అది అయ్యేదాకా ఎల్లమ్మ వాళ్లకు అన్నం పెట్టకూడదు. నాకన్నా ముందు చాల్ పోతే, ఆ పనికి వంకలు పెట్టడానికి నేనే పక్కన కూర్చుంటాను.

7. ఇదంతా అమలు చేయించే బాధ్యత తుకారాంది. ఆ ఏడాది మాట్లాడకపోయినందుకు ఈ శిక్ష.

2025 నవంబరు 9, ఆదివారం. విశ్రాంతి దినాన సంతకం ఏమిటని రాజలింగం అడుగుతాడు. ఇది రాశాకే నాకు విశ్రాంతి దొరికింది.

బొల్లి కిష్టయ్య
సంతకమే, వేలిముద్ర కాదు

సాక్షులు: లచ్చయ్య, మల్లవ్వ