జడ కొసల ఎర

బావా,

నువ్వు పోయి ఈరోజుకు పదేళ్ళు. పొద్దున నీ గాలాల పెట్టె తెరిచాను. గాలానికి కోడి ఈకలు చుట్టి పురుగులా చేసి, తోకకు నా జడ కొసలు కత్తిరించి కట్టేవాడివి. "నీ జడ లెక్క నల్లగుంటెనే కొర్రమట్ట నమ్ముతది" అనేవాడివి. జడ పొట్టిదవుతోందని నేను కసురుకునేదాన్ని.

ఈసారి ఎర నేనే కట్టాను. నా తలలో నల్ల వెంట్రుకలు దొరకలేదు, తెల్లవే కట్టాను. తమ్ముడు నాచారం నుంచి బండి మీద పోచారం అవతలి చెరువుకు తీసుకెళ్ళాడు. ఎర చూసి, "గిట్ల తెల్లగుంటే ఏం పడ్తయక్కా?" అని నవ్వాడు.

కాసేపటికే మోచేతి పొడుగు కొర్రమట్ట పడింది. నీలాగే గాలం మెల్లగా తీసి, చేపను నీళ్ళలో వదిలేశాను.

నువ్వు చూడకుండా పోయిన నా తెల్లజుట్టు చేపకు నచ్చింది, బావా.