ఇత్తడి పెట్టె మీద పదకొండు గీతలు

పిస్కాటవే, అమెరికా,
కార్తీకమాసం, ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు,

నీ చెల్లెలు పూర్ణ నమస్కారాలు చేసి రాస్తోంది. ఇక్కడ నేనూ మీ బావా స్వామి దయవల్ల కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? ఫోన్‌లో నేను మాట్లాడేది నీకు సగం కూడా వినపడటం లేదని వదిన చెప్పింది. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవట కదా. అందుకని ఈసారి తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. నీకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది ఫోన్‌లో అరిచి చెప్పేది కాదు.

ఇక్కడ చలి మొదలైంది. సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతోంది. కార్తీక దీపం పెట్టుకుందామంటే మా అపార్ట్‌మెంట్‌లో పొగ గంట ఉంది. ఒత్తి కాస్త పెద్దదైతే చెవులు పగిలేలా మోగుతుంది. అందుకని స్టవ్ పక్కన, పైన ఫ్యాను వేసుకుని, ఒక్క ఒత్తి వెలిగించుకుంటున్నాను. దేవుడు అర్థం చేసుకుంటాడు. మీ బావ పొద్దున్నే గుడి వంటశాలకు వెళ్తే మళ్ళీ దీపాలవేళకే రావడం. శనివారాలు గంగాళాలకు గంగాళాలు పులిహోర కలపాలి. చింతపండు గుజ్జుకి వేళ్ళు నానిపోతున్నాయని గొణుగుతారు గాని, ఎవరైనా బాగుందంటే ఆ వారమంతా అదే చెప్పుకుంటారు. వీధిలో కార్లు తిరుగుతాయి, మనిషి కనపడడు. మొదట్లో చాలా బెంగగా ఉండేది. ఇప్పుడు లేదు. నువ్వు నా గురించి బెంగపెట్టుకోకు.

మార్గరెట్ గారి సంగతి పోయినసారి చెప్పాను. నీకు వినపడిందో లేదో. మా వీధి చివర ఇల్లు. ఎనభై ఆరేళ్ళావిడ. పెళ్ళి చేసుకోలేదు, బడిలో సంగీతం నేర్పేవారట. ఇప్పుడు కళ్ళు చెడిపోయాయి. గుమ్మంలో మనిషి నిలబడితే తెలుస్తుంది, ముఖం తెలియదు. గుడికి వచ్చే ఒకావిడ నన్ను అక్కడ కుదిర్చారు. పొద్దున తొమ్మిదికి వెళ్ళి మూడింటికి వస్తాను. వంట చేసి, మందులు ఇచ్చి, ఆవిడకు తోడుగా ఉండాలి. అన్నిటికంటే పెద్ద పని, చదివి వినిపించడం.

నవ్వకు. పదో తరగతితో ఆగిపోయిన నీ చెల్లెలు ఇంగ్లీషు నోటుబుక్కులు చదువుతోంది. అవి ఆవిడ తాతగారివి. నాకు రాని మాట వస్తే అక్షరాలు ఒక్కొక్కటీ చెప్తాను, ఆవిడ మాట కలిపి అర్థం చెప్తారు. రోజుకు రెండు పేజీలు నడుస్తాయి.

ఆ తాతగారు వందేళ్ళ కిందటి ఫిజిక్సు శాస్త్రవేత్త. గడియారాలు బాగుచేసే ఆయన కొడుకట. కాలేజీలో గాజు సామాను కడిగే పనికి చేరి, పంతుళ్ళకు పనిముట్లు చేసిపెడుతూ, అక్కడే చదువుకుని, చివరికి అక్కడే పాఠాలు చెప్పారట. ఆయన చేత్తో చేసుకున్న యంత్రం ఒకటి హాలు అల్మరాలో ఉంది. చిన్న ఇత్తడి పెట్టె. ముందువైపు గాజు కిటికీ, లోపల వేలాడే బంగారు రేకు. అది చూడగానే "ఇది నాకు తెలుసమ్మా!" అన్నాను. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు సైన్సు ఎగ్జిబిషన్ కోసం ఊరగాయ సీసాలో చేశావే, అదే. చాక్లెట్ కాగితం రేకులు రెండు, మైనంలో గుచ్చిన తీగ. నా తల దువ్విన దువ్వెన తీగకు తగిలిస్తే రేకులు ఒకదాన్ని ఒకటి తప్పించుకుంటున్నట్టు విడిపోయేవి. ఎగ్జిబిషన్ ముందురోజు పిల్లి పడేసిన సీసా. పిల్లి సంగతి కూడా ఆవిడకు చెప్పాను. చాలాసేపు నవ్వారు.

విడిపోయిన రేకు ఎవరూ ముట్టుకోకపోయినా మెల్లగా వాలిపోతుందట. ఎందుకు వాలుతుందన్నదే ఆ రోజుల్లో పెద్ద ప్రశ్న. నేలలోంచి కంటికి కనపడని కిరణాలు వస్తున్నాయి, వాటివల్లే అనుకునేవారట. అలాగైతే నేలకు దూరంగా, ఎత్తుకు వెళ్తే రేకు ఇంకా మెల్లగా వాలాలి కదా. అది తేల్చడానికి తాతగారు ఆ పెట్టెను ఊలు గుడ్డలో చుట్టుకుని, రైళ్ళెక్కి, కంచరగాడిదలెక్కి, కొండలెక్కారు. గనిలోకి దిగారు. సరస్సులో పడవ వేసుకుని కూర్చున్నారు. ప్రతిచోటా కిటికీకి కన్ను ఆనించి, పక్కన గడియారం పెట్టుకుని, రేకు ఎంతసేపట్లో వాలిందో రాసుకున్నారు. ఏళ్ళ తరబడి అదే పని. నాకైతే తపస్సులాగే అనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పెట్టె, నోటుబుక్కులు అన్నీ యూనివర్సిటీకి ఇచ్చేయాలని మార్గరెట్ గారు నిర్ణయించుకున్నారు. పాత వస్తువులు భద్రపరిచే అమ్మాయి గురువారం వచ్చి చూస్తానంది. దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ పడుకుని ఉన్నారు. నేను అల్మరా దులుపుతున్నాను. పెట్టె నల్లగా, మకిలిపట్టి, మరకలు మరకలుగా ఉంది. నలుగురూ చూసే వస్తువును అలా పెడతామా? గుడిలో శుక్రవారం శుక్రవారం దీపపు కుందులు తోమేది నేనే. నా చేతులు ఊరుకోలేదు. లోపలికి తడి వెళ్ళకుండా గుడ్డ చుట్టి, చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, పాత టూత్‌బ్రష్‌తో అరగంట తోమాను. పెట్టె బంగారంలా మెరిసింది. అందులో నా మొహం కనపడింది. గురువారం అందరూ మెచ్చుకుంటుంటే ఆవిడ వింటారని అప్పటికి చెప్పలేదు.

సోమవారం మామూలుగా చదువుతున్నాను. ఒకచోట ఇలా ఉంది: "ఈ రోజు పడవ దిగగానే పెట్టె మీద ఏడో గీత పెట్టాను."

మార్గరెట్ గారి మొహం వెలిగిపోయింది. "ఆ గీతలు! వెళ్ళిన ప్రతిచోటికీ ఒక నల్లరంగు గీత. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని వేలితో తడిమేదాన్ని. మొత్తం పదకొండు. ఆ అమ్మాయికి ముందు అవే చూపించాలి. నోటుబుక్కులు ఇంటికొచ్చి కూడా రాసుకోవచ్చు పూర్ణా. ఆ గీతలు ఆయన అక్కడే, ఆ చలిలో నిలబడి పెట్టినవి."

మంచినీళ్ళు తెస్తానని లేచి హాల్లోకి వెళ్ళి పెట్టె చూశాను. నేను మరకలనుకుని తోమేసినవి ఆ గీతలే. ఒక్కటీ లేదు.

ఆ రోజు చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. ఆవిడకు కనపడదు. వచ్చే అమ్మాయికి గీతలున్నాయనే తెలియదు. "వందేళ్ళయింది కదమ్మా, అరిగిపోయి ఉంటాయి" అనే మాట నా నాలుక మీద తయారుగా ఉంది. లలితా సహస్రనామం చదువుతుంటే నామానికీ నామానికీ మధ్య అదే మాట వస్తోంది. పని పోతుందని కాదు అన్నయ్యా. పగలంతా నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆవిడొక్కరే. ఆ పిలుపు పోతుందని భయం.

బుధవారం తరవాతి నోటుబుక్కు తీశాం. అందులో తాతగారు ఒక కొండెక్కారు. అక్కడ రేకు మెల్లగా వాలాల్సింది పోయి, కింద ఉన్నప్పటికంటే తొందరగా వాలిపోయింది. అంటే కిరణాలు వచ్చేది నేలలోంచి కాదు, పైనుంచి! ఆయన సంతోషం పట్టలేక పెద్ద సైంటిస్టులకు రాసేశారు. వాళ్ళు మెచ్చుకున్నారు. మూడు వారాల తరవాత నోటుబుక్కులో ఇంకో మాట ఉంది: "కొండ మీద పొగమంచు. రేకు వేలాడే బిరడాకు చెమ్మ పట్టింది. రేకు వాలింది ఆ చెమ్మవల్ల కావచ్చు. నేను తుడిచి చూసుకోలేదు. తప్పు నాది." ఆ మాటే ఉత్తరం రాసి, తన లెక్క తానే వెనక్కి తీసుకున్నారట.

"తరవాత ఏమైందమ్మా?" అన్నాను.

"మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆయన సరిగ్గా తేల్చేలోపు సముద్రానికి అవతల వేరేవాళ్ళు బెలూన్లలో పైకి వెళ్ళి, కిరణాలు ఆకాశంలోంచే వస్తున్నాయని చెప్పేశారు. తాత మొదట అన్నది నిజమే. కాని చూపించిన లెక్క మంచిది కాదు. అందుకే ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు." మళ్ళీ ఆవిడే అన్నారు: "ఆ కొండ గీత ఎందుకు చెరిపేయలేదు తాతా అని అడిగాను ఒకసారి. వెళ్ళాను కదా, అన్నాడు."

ఇంక నావల్ల కాలేదు. నోటుబుక్కు మూసి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నేను తప్పు చేశాను" అని అంతా చెప్పేశాను.

"పెట్టె తీసుకురా" అన్నారు. ఒళ్ళో పెట్టాను. నాలుగు పక్కలా వేళ్ళతో తడిమారు. వాసన చూశారు.

"ఇదేం వాసన?"

"చింతపండమ్మా."

మళ్ళీ తడిమారు. "నున్నగా ఉంది" అన్నారు. అంతే. మధ్యాహ్నం సూపు సగం వదిలేశారు. రోజూ నేను బయల్దేరేటప్పుడు "రేపు కలుద్దాం, పూర్ణా" అంటారు. ఆ రోజు అనలేదు.

గురువారం రావద్దంటారేమో అనుకుంటూనే వెళ్ళాను. యూనివర్సిటీ అమ్మాయి పేరు శ్రీజ. ఇక్కడే పుట్టిన మన తెలుగమ్మాయే, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి "ఆంటీ, మీరు తెలుగా!" అని సంబరపడింది. పెట్టె చూడగానే ఆ సంబరం పోయింది.

"దీన్ని ఎవరు పాలిష్ చేశారు?"

"నేనేనమ్మా. దాని మీద పదకొండు నల్ల గీతలుండేవి, మరకలనుకుని తోమేశాను."

"ఆంటీ! ఓల్డ్ బ్రాస్‌ని పాలిష్ చేయకూడదు. అది మాకు రూల్ నంబర్ వన్!"

"మాకు గుడిలో మొదటి రూలు తోమాలనేనమ్మా."

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "ఏం కెమికల్ వాడారు?"

"చింతపండు, ఉప్పు."

"మా అమ్మమ్మ కూడా సేమ్" అని నిట్టూర్చి, టార్చీ, భూతద్దం తీసింది. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "రెండు లైన్స్ ఉన్నాయి. ఈ కింద, అంచు లోపల. మీ బ్రష్ వెళ్ళలేదు ఇక్కడికి" అంది.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పేలోపే మార్గరెట్ గారు చెయ్యి చాచారు. ఆ అంచు మీద వేలు పెట్టి, "గని. సరస్సు" అన్నారు. అక్కణ్ణుంచి వేలు పైకి జరిపారు. ఏమీ లేని ఇత్తడి మీద ఒకచోట ఆపి, "చర్చి గోపురం" అన్నారు. ఇంకాస్త జరిపి, "పొగమంచు కొండ." పదకొండూ చెప్పారన్నయ్యా, ఎక్కడా తడుముకోలేదు. శ్రీజ కాగితం మీద పెట్టె బొమ్మ గీసి, ఆవిడ వేలు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టి, పేరు రాసుకుంది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

తరవాత శ్రీజ ఒక ఫారం నా ముందు పెట్టింది. "ఏం క్లీన్ చేశారు, ఎలా చేశారు, మీరే రాయండి ఆంటీ. మీ హ్యాండ్‌రైటింగ్‌లో."

"నా పేరెందుకమ్మా? పరువు పోతుంది."

"ఇది పనిష్మెంట్ కాదు ఆంటీ. హండ్రెడ్ ఇయర్స్ తర్వాత ఎవరో చూస్తారు, ఎందుకు ఇంత షైనీ ఉంది అని. వాళ్ళకి తెలియాలి కదా. చింతపండు ఎంత వేశారు?"

"నిమ్మకాయంత."

"అంటే ఎన్ని గ్రామ్స్?"

"నిమ్మకాయంత అంటే నిమ్మకాయంతేనమ్మా."

ఏమిటని అడిగి తెలుసుకుని, ముందురోజు నుంచి మొదటిసారి మార్గరెట్ గారు నవ్వారు. "తాత అయితే ఒప్పుకునేవాడు కాదు. తూచండి" అన్నారు. వంటింట్లో త్రాసు మీద నిమ్మకాయంత చింతపండు పెట్టి తూచి రాశాం. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. స్పెల్లింగు రానిచోట ఆవిడ అక్షరాలు చెప్పారు. ఎప్పుడూ నేను చెప్పేదాన్ని, ఆ రోజు ఆవిడ చెప్పారు. కింద తెలుగులో అన్నపూర్ణ అని సంతకం పెట్టాను. ఆ కాగితం ఆయన నోటుబుక్కుల పక్కనే ఉంటుందట.

"పెట్టె పన్నెండో చోటికి వెళ్ళింది, మా వంటింటి సింకుకి" అన్నారు మార్గరెట్ గారు శ్రీజతో. నేను కోటు వేసుకుంటుంటే, "రేపు కలుద్దాం, పూర్ణా" అన్నారు. దారంతా ఏడుస్తూనే ఇంటికి వచ్చాను. చలికి ముక్కు కారుతోందని మీ బావకు చెప్పాను, నమ్మలేదు.

రేకులు ఎందుకు విడిపోతాయో అప్పుడు నువ్వు చెప్పావు, మర్చిపోయాను. నాలుగు ముక్కల్లో రాసి పంపు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒత్తుల పత్తి పంపమని వదినతో చెప్పు. వదినకూ, పెద్దత్తయ్యకూ నా నమస్కారాలు. ఇంటికొచ్చే పిల్లలందరికీ ముద్దులు.

ఇక ఆ ఊరగాయ సీసా సంగతి. ఆ మధ్యాహ్నం నువ్వు ఇంట్లో లేవు. నాకు తొమ్మిదేళ్ళు. నేనే తల దువ్వుకుని, నీలాగే దువ్వెన తగిలించి, రేకులు విడిపోతుంటే ఇంకా దగ్గరగా చూద్దామని సీసా చేతిలోకి తీసుకున్నాను. జారిపోయింది. పిల్లి పడేసిందని చెప్పాను. నువ్వు ఎగ్జిబిషన్‌కి వెళ్ళలేకపోయావు. ఆ పిల్లికి వారం రోజులు పాలు పొయ్యనివ్వలేదు. సాయంత్రం గుమ్మం దగ్గర అది అరుస్తుంటే నేను దుప్పటి కప్పుకుని చెవులు మూసుకునేదాన్ని.

నీ రికార్డు పుస్తకం ట్రంకు పెట్టెలో ఇంకా ఉందని వదిన అంది. అందులో చివరి పేజీలో, పిల్లి వల్ల ప్రయోగం ఆగిపోయింది అని రాశావు, నాకు గుర్తే. ఆ మాట కొట్టేసి నా పేరు రాయి అన్నయ్యా. కోపం వస్తే ముందు తిట్టు, తరవాత దీవించు.

నీ చెల్లెలు,
పూర్ణ