మస్తాన్ వాయించడం ఆపిన చోట

సోమవారం.

మా తమ్ముడు శేషయ్య కొండలూ అడవులూ తిరిగొచ్చి వాటి మీద పుస్తకాలు రాస్తాడు. ఒక్కటి కూడా ముందు నాకు చదివి వినిపించలా. రాక్ బ్యాండులో గిటారు వాయించే ఆ మస్తాన్‌కే ముందు. అన్నని నేనుండగా! ఈ మంట నాకు చానా ఏళ్ళ నుంచీ ఉంది.

ఇయ్యాల తేల్చుకుందామని నరసరావుపేటలో మస్తాన్ బళ్ళు బాగుచేసే మెకానిక్ షెడ్డుకే పోయా. లోపల వీడు చదవతన్నాడు, వాడు వాయిస్తన్నాడు. గోడకున్న స్పానర్లన్నీ గలగలమంటన్నయి. నేను గుమ్మంలోనే ఆగిపోయా.

నల్లమలలో బండ మీంచి జారి వేలాడిన సంగతి చదివాడు శేషయ్య. ‘నాకు భయం వేయలేదు’ అన్నాడో లేదో, మస్తాన్ అరచెయ్యి తీగల మీద పెట్టేశాడు. చప్పుడు ఆగిపోయింది.

‘కోతలు కొయ్యమాక శేషయ్యన్నా. అబద్ధానికి నేను వాయించను.’

వీడు కోప్పడలా. ఆ ముక్క కొట్టేసి, మళ్ళీ రాసి చదివాడు. ‘చచ్చేంత భయమేసింది. మా అన్నని పిలుస్తా కేకలేశా.’

అప్పుడు వాయించాడయ్యా మస్తాన్! ఎవడికీ దణ్ణం పెట్టే రకాన్ని కాదు నేను, ఆ చేతులకి పెట్టాలనిపించింది. నా తోడబుట్టినోడి లోపలున్న నిజాన్ని బయటికి లాగినయి అవి. నా వల్ల కాలేదది.

లోపలికి పోకుండానే బస్సెక్కి వచ్చేశా.

ఒరేయ్ శేషయ్యా, నన్ను పిలుస్తా అంత కేకలేసినోడివి, ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క ఎందుకు చెప్పలా? ఆదివారం దాకా చూస్తా. నువ్వే వచ్చి చెప్పాల.