నా కాలికి ఏసన్న చెప్పిన సాక్ష్యం

నంద్యాల, మంగళవారం రాత్రి, 1957

నా కాలు బాగయిందా, కాలేదా? ప్రసంగాల్లో నరకాన్నీ పరలోకాన్నీ గడగడా వర్ణించే నా నోరు ఈ ఒక్క ప్రశ్నకు ఈరోజు కోర్టులో తడబడింది.

ఆళ్లగడ్డ రోడ్డులో నన్ను గుద్దిన మోటారు సైకిలు ఆసామి మీద నష్టపరిహారానికి దావా వేశాను. అది వస్తేనే కర్నూలు ఆసుపత్రిలో కాలికి ఆపరేషన్. గుద్దడం కళ్లారా చూసినవాడు మా చర్చి సంఘం పెద్ద ఏసన్న. అందుకే సాక్షిగా తెచ్చుకున్నాను.

గుద్దిన సంగతి చక్కగానే చెప్పాడు. అవతలి వకీలు "ఇప్పుడు కాలెట్లుంది?" అనడమే ఆలస్యం, ఏసన్న ఛాతీ విరిచాడు.

"బాగైపోయింది సామీ! సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసినాం. మొన్న ఆదివారం మా పాస్టరన్న ప్రసంగం చేస్తా చేస్తా గంతేసినాడు. యాడైనా కుంటోడు గంతేస్తాడా?"

గంతేసిన మాట నిజమే. ఆవేశంలో నొప్పి తెలియలేదు. ఇంటికెళ్లాక ఎంత మూలిగానో మా ఆవిడకు తెలుసు.

మున్సిఫ్ గారు నావైపు తిరిగి, "ఏమయ్యా, నిజమేనా?" అన్నారు. అవునంటే దావా పోతుంది. కాదంటే సంఘం ప్రార్థన పరువు పోతుంది.

"సగం నిజం దొరా" అన్నాను. కోర్టంతా నవ్వింది. మిగతా సగం రేపు చెప్పమని వాయిదా వేశారు.

బయటికి రాగానే ఏసన్న నా చేతికర్ర లాక్కున్నాడు. "ఇంకా ఈ కట్టె ఏంటికన్నా? మన ప్రార్థనకు అవమానం చేస్తాండావే!" మేం దిగిన సత్రందాకా పళ్లు బిగబట్టి నడిచాను.

బైబిల్లో యాకోబు దేవుడితో పెనుగులాడి దీవెన పొందాక కూడా కుంటుతూనే నడిచాడు కదా. నొప్పి దాచిపెడితే దేవుడికేం మహిమ?

ఏసన్న పక్క చాప మీద గురక పెడుతున్నాడు. రేపు నేను బోనెక్కి చెప్పాక వింటే అతని గుండె పగులుతుంది. లే మనసా, ఇప్పుడే అతన్ని లేపు! వాచిన కాలు చూపించి, నొప్పి ఉందని ఈ రాత్రే చెప్పు!