ఊదారంగు పోయిన రోజు

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. సిరిసిల్లలో అమ్మ నీ పేరున బియ్యం ఇచ్చిందట. నేను జగిత్యాలలో, కాలేజీ ల్యాబ్‌లోనే ఉన్నాను.

సముద్రపు బాక్టీరియా తయారుచేసే ఒక పదార్థానికి యాంటీ ఆక్సిడెంట్ గుణం, అంటే కణాలు పాడుకాకుండా అడ్డుకునే గుణం, ఉందో లేదో చూడడమే నా పని. ఊదారంగు ద్రావణంలో దాన్ని కలుపుతాం. గుణం ఉంటే ఊదా పోయి పసుపు తేలుతుంది. లేకపోతే నా ఇన్నాళ్ల పని వృథా.

మొన్న కలపగానే గాజు గొట్టం పట్టుకుని కిటికీ దగ్గర ఎండలోకి వెళ్లాను. అద్దకం షెడ్డులో నువ్వు తడి నూలును గుమ్మం దాకా తెచ్చి, వెలుతురులో చూస్తేగాని రంగును ఒప్పుకునేవాడివి కాదు. నాకూ అదే అలవాటు.

"ఎండల పెడ్తవేందమ్మా? ఎండకు దానంతటదే రంగు పోతది. గిది లెక్కల రాదు" అన్నది మా మేడం.

ఈ రోజు మళ్లీ చేశాను. గొట్టాలను చీకటి అల్మారాలో పెట్టి, బయట కూర్చున్నాను. తలుపు తీస్తే, ఏమీ కలపని గొట్టం ఊదాగానే ఉంది. పదార్థం కలిపిన పక్కది పసుపు. మేడం రెండుసార్లు చూసి తల ఊపింది.

అమ్మకు ఫోన్ చేసి, రంగు పోయిందని చెప్పాను.

"పాయెనా? రంది పెట్టుకోకు బిడ్డా. మల్ల ముంచితే ఎక్కుతది."

"పోవాలనే చేసిన అమ్మా. పోతేనే పనైనట్టు."



"మీ బాపు ఉంటే గీ ముచ్చట నమ్మకపోతుండె" అన్నది అమ్మ. "నువ్వే చెప్పాలె ఆయనకు."

అందుకే చెబుతున్నాను బాపూ. రంగు పూర్తిగా పోయింది.