అచ్చుకు సిద్ధం

ప్రియమైన చెల్లీ,

ఊరంతా నిన్ను సిస్టర్ అంటుంది గానీ, చెల్లీ అని పిలిచే హక్కు నా ఒక్కదానిదే. ఆ హక్కుతోనే ఓ సాయం అడుగుతున్నాను.

మా ప్రెస్ మూసేస్తున్నారు. క్యాథలిక్ యూనివర్సిటీకి సొంత ప్రచురణ సంస్థ దండగని పెద్దలు తేల్చేశారు. మా గదుల్లోకి కంప్యూటర్ క్లాసులు వస్తాయట. చివరి ప్రూఫు మీద రచయిత తన చేత్తో "అచ్చుకు సిద్ధం" అని రాసి సంతకం పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఈ టర్ము ముగిసేలోగా ఆ సంతకం పడితేనే పుస్తకం అచ్చవుతుంది, లేకపోతే అట్టపెట్టెలోకే.

పెద్ద ఫాదర్ పుస్తకం ఒక్కటే మిగిలింది. పాత మఠాల్లో మౌనవ్రతం ఎలా పుట్టిందో ఆయన జీవితమంతా వెతికి రాసిన పుస్తకం. నాకు ప్రూఫు దిద్దడం నేర్పింది ఆయనే. చివరి అధ్యాయం దగ్గర మాత్రం ఎప్పుడూ ఓ దిగులు. "నకలు చూసి రాశానమ్మా, ఒక్కసారి మూలప్రతిని కళ్లారా చూసొస్తే బావుండు" అనేవారు. ఇంతలో ఆరోగ్యం చెడి, నువ్వు పనిచేసే ఫాదర్ల వృద్ధాశ్రమానికి వచ్చేశారు. ప్రూఫులు పంపాను, ఉలుకూ పలుకూ లేదు. దగ్గరుండి సంతకం పెట్టించవే.

నీ అక్క

ప్రియమైన తప్పులక్కా,

ఈ ఉత్తరం కూడా ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపావంటే ఊరుకోను.

పెద్ద ఫాదర్ నీ ప్రూఫులు చదువుతున్నారు. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని మొదటి పేజీ తీస్తారు. మర్నాడు మళ్లీ మొదటి పేజీయే. "ఎవరమ్మా రాసింది? గట్టివాడే!" అని మురిసిపోతారు. మీరే ఫాదర్, ఇదిగో మీ పేరు అంటే, నేనేదో వేళాకోళం ఆడుతున్నానని నవ్వేస్తారు.

సంతకం అడిగితే మాత్రం ముఖం కందగడ్డయింది. "ఎవడి కష్టమో నాదని సంతకం పెట్టాలా? ఈ వయసులో నాచేత దొంగతనం చేయిస్తావా, సిస్టర్?" అన్నారు.

చెయ్యి పట్టి రాయించడం ఎంతసేపు? కానీ నావల్ల కాదక్కా. మళ్లీ ఆయన ముఖం చూడలేను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

నువ్వు చేసిందే సరి. నేనూ అడగను.

మా ప్రెస్ డైరెక్టర్ ఫాదర్ కాళ్లావేళ్లా పడితే, ఆ విషయం తెలిసిన పండితుడెవరైనా బాగుందని రాసిస్తే చాలన్నారు. నేను అడిగినవాళ్లందరిదీ ఒకటే జవాబు: "అది తెలిసిన మనిషి ఒక్కరేనండీ, పెద్ద ఫాదర్‌ని అడగండి." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు తట్టింది, ఆయన్నే ఎందుకు అడగకూడదని. ఏ పుస్తకమైనా రచయిత పేరు తీసేసి బయటి పండితుడికి పంపి అభిప్రాయం అడుగుతాం. ఆ పండితుడి పేరు రచయితకు చెప్పం. పెద్ద ఫాదర్ అలా మాకు ఎన్ని పుస్తకాలు తూచి పెట్టారో! అందుకే పేరున్న పేజీ తీసేసి మరో ప్రతి పంపుతున్నాను. అబద్ధం ఆడే పని కూడా లేదు. డైరెక్టర్ ఫాదర్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "ఆయన ఏమంటే అదే. ఆయన మాట సంతకం కంటే తక్కువా?" అన్నారు.

నీ అక్క

ప్రియమైన తప్పులక్కా,

నువ్వు చూసి తీరాల్సింది! "ప్రెస్ వాళ్లు నన్ను మర్చిపోలేదన్నమాట" అని గడ్డం గీయించుకుని, కిటికీ దగ్గరికి బల్ల జరిపించుకున్నారు. ఈ ప్రతిలో పెన్సిలుతో పక్కన రాసుకుంటూ పోయారు. మర్నాడు అవే చూసి, "నాకంటే ముందే ఎవరో చదివారు. సరిగ్గా నా మనసులో మాటే రాశాడు" అని ఆశ్చర్యపోయారు. అలా రోజుకింత ముందుకు జరిగింది పని.

నిన్న ఉదయం ఎంత తేటగా ఉన్నారో! ఆ రాతలన్నీ ముందేసుకుని ఒక్క ఊపులో అభిప్రాయం రాసి కవరు అంటించేశారు. చూపించమంటే, "ఇది గోప్యం, సిస్టర్" అని కసిరారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. పుస్తకం వచ్చేసినట్టే అక్కా! మొదటి ప్రతి ఆయన చేతిలో నేనే పెడతాను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

కవరు డైరెక్టర్ ఫాదర్ ముందే విప్పాను.

ఇంత గొప్ప పని ఈ మధ్య చూడలేదని మొదలుపెట్టారు. ఆ తర్వాత, "చివరి అధ్యాయానికి ఆధారం చాలదు. రచయిత నకలును నమ్మారు, మూలప్రతిని చూసినట్టు లేదు. ఇప్పుడే అచ్చు వేయవద్దు. తొందరపెట్టకుండా ఆయనకు ఇంకో రెండేళ్లు ఇవ్వండి" అని రాశారు.

రెండేళ్లు ఎవరివ్వాలే? ఎవరికివ్వాలి?

పోనీ ఆ అధ్యాయం తీసేద్దామా అంటే, మిగతా పుస్తకమంతా దాని మీదే నిలబడి ఉంది. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. డైరెక్టర్ ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఔనంటే ఆయన మాట అనుకున్నాం. కాదన్నది మాత్రం ఎవరి మాటమ్మా?" అన్నారు. ఏడ్చాను, అంతే.

ఈ ఉదయం మా బల్లలు తీసుకెళ్లిపోయారు. కిటికీ గట్టు మీద పెట్టుకుని రాస్తున్నాను. ప్రూఫులు వెనక్కి పంపకు. ఆయన దగ్గరే ఉంచు, మధ్యాహ్నాలు చదువుకుంటారు.

అభిప్రాయం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: "నా పేరు రచయితకు తెలియనివ్వకండి. పాపం, ఎన్నేళ్ల కష్టమో. నొచ్చుకుంటారు."

ఆ ఒక్క కోరికా మనం తీర్చగలం. నువ్వూ చెప్పకు.

నీ అక్క